1966 హెరాల్డ్: వారానికి నాలుగు రోజులు తిప్పాలా, వింటేజ్ చేయించి షెడ్డులో పెట్టాలా?

బరంపురం_బుల్లికారు:
అందరికీ నమస్కారం. ముందు సంగతి చెప్తాను, తర్వాత తిట్టండి. మాది బరంపురం. ఇంట్లో 1966 స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, రెండు తలుపులది, మద్రాసులో తయారైనది. తాతగారు కొన్నారు, నాన్న నడిపారు, పదకొండేళ్లుగా నా చేతిలో ఉంది. వారానికి నాలుగు రోజులు దీన్నే తీస్తాను. గిరి మార్కెట్‌కి, అత్తారింటికి ఇచ్ఛాపురం, పిల్లలు గొడవ చేస్తే గోపాలపూర్ బీచ్‌కి. డిసెంబరులో ఆర్సీ రెన్యువల్ ఉంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఫీజు 5,000 నుంచి 10,000 చేశారు కదా, ఆ మాట ఇంట్లో వచ్చినప్పుడు మా బావ అందుకున్నాడు: "50 ఏళ్లు దాటిన బండి, వీఏ నంబరు వేయించి వింటేజ్ (పాతకాలపు బండి) రిజిస్ట్రేషన్ చేయించు, మర్యాదగా షెడ్డులో ఉంటుంది, ఇలా కూరగాయలకు తిప్పి చంపకు" అని. మా ఆవిడ కూడా ఆయన పక్షమే, కారణం మాత్రం వేరు (బెల్టులు లేవు, ఏసీ లేదు, వానొస్తే కాళ్ల దగ్గర నీళ్లు).

నేననేది ఒక్కటే. బండి నడుస్తుంటేనే బతుకుతుంది. ఊరికే అనడం లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, ఈ ఊళ్లో ఆ రాత్రి ఎవరూ మర్చిపోరు. మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, కారుకు మాత్రం ఒక్క గీత పడలేదు. కానీ ఆ తర్వాత నాన్నకు ఒంట్లో బాగాలేక పధ్నాలుగు నెలలు దాన్ని ఎవరూ తీయలేదు. తీసిన రోజు చూడాలి, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది, నాలుగు చక్రాల బ్రేకుల వీల్ సిలిండర్లు బిగుసుకుపోయాయి, ట్యాంకు అడుగున ఇటుకపొడిలా తుప్పు. గంటకు రెండొందల కిలోమీటర్ల గాలి చేయలేని పని ఊరికే నిలబెట్టడం వల్ల అయింది. చెప్పండి, ఎవరిది రైటు?

పర్లాకిమిడి_పాతసామాను:
ముందు ఇది చెప్పు, హెరాల్డ్‌ని ఈ ఫోరంలో స్పోర్ట్స్ కార్ల విభాగంలో ఎందుకు పెట్టావు? 948 సీసీ బండి, ఎక్కుడు రోడ్డొస్తే ఆటోవాడు హారన్ కొట్టి దాటేస్తాడు.

బరంపురం_బుల్లికారు:
హెరాల్డ్ అసలు ట్రయంఫ్ వాళ్లది. వాళ్లే 1962లో స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్ తెచ్చారు కదా అన్నా, అది హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి కట్టింది, రెండింటికీ గీత గీసింది కూడా ఒకే ఇటలీ ఆయన, మిచెలొట్టి. ముందు సస్పెన్షన్ ఒకటే, బానెట్టు మొత్తం ముందుకు లేచేది ఒకటే. పెద్దనాన్న కొడుకు పరుగుల పోటీలకు వెళ్లాడు, మావాడు గుమాస్తా అయ్యాడు, అంతే తేడా. అడ్మిన్ గారు తీసేయమంటే తీసేస్తా.

పర్లాకిమిడి_పాతసామాను:
సరే ఉంచు. నా మాట నీకు నచ్చదు. నేను మీ బావ పక్షం. నా దగ్గర హెరాల్డ్ లేదు గానీ అదే వయసు ఫియట్ 1100 ఉంది, ముప్పై ఏళ్లు రోజూ తిప్పాను, అందుకే చెప్తున్నాను. నిలబెడితే చెడిపోయేవన్నీ రబ్బరు, వాషర్లు, ఆయిలు. అవి దొరుకుతాయి. నడిపితే అరిగేది లోహం, అది దొరకదు. స్టాండర్డ్ ఫ్యాక్టరీ 1988లోనే మూతపడింది. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో గానీ చెన్నై పుదుప్పేటలో గానీ నీకిప్పుడు అమ్మేది ఇంకొకడి చచ్చిన బండిలోంచి తీసిందే. మన బరంపురం ఆ రెండు ఊళ్లకీ నడుమ ఉంది కాబట్టి ఇద్దరి చేతుల్లోనూ మోసపోయే అదృష్టం మనకే. ఒక్క డెంటు పడితే? ఎన్‌హెచ్ 16 మీద వెనకనుంచి లారీవాడు తగిలితే? మీ తాతగారి కారు పోయినట్టే, ఇన్సూరెన్సువాడు ఇచ్చే డబ్బుకి రెండు టైర్లు వస్తాయి.

రాయగడ_మాస్టారు:
పిల్లలూ, కొట్టుకునే ముందు రూలు చదవండి. వింటేజ్ రూలు 2021 జూలై 15న వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. వీఏ సీరీస్ అనేది కొత్తగా రిజిస్టర్ అయ్యే పాత బండ్లకు. ఇప్పటికే నంబరు ఉన్నదానికి పాత నంబరే ఉంటుంది, కాబట్టి మీ బావగారు వీఏ పలక గురించి ముచ్చట పడక్కర్లేదు, మీ ఓఆర్ (పాత ఒరిస్సా) నంబరు ఎక్కడికీ పోదు. అసలు కీలకం అది కాదు. ఆ బండిని రోజువారీ పనికి, కిరాయికి రోడ్డు మీద నడపకూడదని రూలులోనే ఉంది. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు తీయొచ్చు, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకు తీయొచ్చు. అంటే పెట్రోలు బంకుకు వెళ్లొచ్చు గానీ దారిలో పాల ప్యాకెట్టు కొనకూడదు.

డబ్బు లెక్క కూడా చూసుకో. వింటేజ్ రిజిస్ట్రేషన్ 20,000, పదేళ్లకు. మామూలు రెన్యువల్ ఐదేళ్లకోసారి, ఇప్పుడు 10,000, అంటే పదేళ్లకు అదే 20,000. ఆ తర్వాత పదేళ్లకు వింటేజ్ 5,000తో పోతుంది, నిజమే. మొదటి పదేళ్లు జేబుకు తేడా లేదు, తేడా అంతా నడకలోనే. ఇంకో విషయం, ఢిల్లీలో పాత కార్లు పట్టుకెళ్తున్నారని టీవీలో చూసి ఒక మిత్రుడు తన ప్రీమియర్ పద్మిని కారును తుక్కుకు అమ్మేశాడు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆ నిషేధం రాజధాని ప్రాంతానికి, ఒడిశాకు కాదు. ఎవరైనా భయపడుతుంటే ఆగండి.

జయపురం_ఘాట్:
మాస్టారు చెప్పింది బాగుంది గానీ నాకు రూలుకన్నా రోడ్డు టెన్షన్. బుల్లికారు తమ్ముడూ, నువ్వు దాన్ని తప్తపాణి ఘాట్ ఎక్కించావా? హెరాల్డ్‌కి వెనక స్వింగ్ యాక్సిల్, అంటే రెండు చక్రాల ఇరుసులూ మధ్యలో కీలు మీద విడివిడిగా ఊగుతాయి. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి ఒక్కసారి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేస్తే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, వెనక ఎటుపోతుందో దేవుడికెరుక. మా మేనమామ కారు కోరాపుట్ దిగుతూ అలాగే తిరగబడింది, 1978లో, అదృష్టం కొద్దీ కొండవైపు. కొత్తగా నడిపేవాడికి ఇది చెప్పకపోతే పాపం. పైగా బ్రేకులు నాలుగూ ఒకే లైను మీద. ఒక్క పైపు పగిలితే నాలుగూ పోతాయి, పెడల్ నేలకు తగులుతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేకు. పిల్లల్ని ఎక్కించుకుని బీచ్‌కి అన్నావు చూడు, అక్కడే నాకు గుండె జారింది. కారు గురించి వాదించు, పిల్లల్ని అందులో కలపకు.

బరంపురం_బుల్లికారు:
ఘాట్ ఎప్పుడూ ఎక్కించలేదన్నా, ఒట్టు. గోపాలపూర్ రోడ్డు చదునే, నేను 50 దాటను. బ్రేకు పైపులు నాలుగేళ్ల కిందట అన్నీ మార్చాను, ఆయిలు రెండేళ్లకోసారి తీసి కొత్తది పోస్తాను. కానీ పిల్లల మాట... సరే, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఛత్రపురం_స్పానర్:
మా నాన్న మెకానిక్, నేను కూడా ఆ నూనెలోనే పెరిగాను. ఇద్దరూ సగం సగం రైటు. నడపాలి, కానీ బుల్లికారు నడిపినట్టు కాదు. ఇంటినుంచి గిరి మార్కెట్‌కి ఎంత, రెండు కిలోమీటర్లా? ఆ రెండు కిలోమీటర్లకు ఇంజను వేడెక్కదు. చోక్ లాగి తీసిన పెట్రోలు సగం కాలకుండా సిలిండరు గోడలమీదుగా ఆయిల్లోకి దిగుతుంది, సైలెన్సర్లో పట్టిన నీరు ఆవిరి కాదు, లోపలినుంచి తింటుంది. ఆయిలు పోసే మూత తీసి చూడు, లోపల మీగడలా తెల్లగా ఉంటే నేను చెప్పింది నిజం. ఆ పనికి స్కూటీ తీసుకో. కారును వారానికి ఒక్కసారి తీయి, రంభ దాకా వెళ్లి చిలికా చూసి రా, ఇంజను బాగా కాగి వస్తుంది. రోజూ రెండు కన్నా వారానికోసారి యాభై మేలు.

రెండోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్ నీళ్లు తాగుతుంది, మన సముద్రపు గాలిలో ఇంకా తాగుతుంది. నిలబెట్టిన ట్యాంకులో ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కు చేరతాయి, ట్యాంకు అక్కడే తుప్పు పడుతుంది. అందుకే పర్లాకిమిడి అన్న గారూ, "నిలబెడితే రబ్బరే కదా పోయేది" అన్నది పాత పెట్రోలు కాలం మాట. అలాగని నడిపితే బాగుంటుందనీ కాదు, పాత రబ్బరు గొట్టాలు, పంపులో డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉబ్బి మెత్తబడతాయి, మంట పలచబడుతుంది కాబట్టి కార్బురేటర్లో పెట్రోలు వచ్చే జెట్టు కాస్త పెద్దది వేయాలి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఎక్కడికి వెళ్తుందో తెలుసుగా, సంపులోకి, ఇంజను అడుగున ఆయిలుండే చోటికి. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు వాల్వు సీట్లు పోతాయని ఇలాగే గోల చేశాం, నెమ్మదిగా నడిపినవాళ్లవి పాతికేళ్లు నడిచాయి. ఇది అలా కాదు, గొట్టాలు తప్పకుండా మార్చు.

మూడోది, అసలు అడగాలనుకున్నది. ముందు చక్రాల దగ్గర కింది ట్రన్నియన్‌లో, అదే స్టీరింగ్ తిప్పితే తిరిగే కీలులో, ఏం వేస్తున్నావు?

బరంపురం_బుల్లికారు:
గ్రీజు. మా మెకానిక్ ప్రతి సర్వీసులో కొడతాడు, డబ్బులు కూడా దానికి విడిగా తీసుకుంటాడు.

ఛత్రపురం_స్పానర్:
అయ్యో రామా. కారు తీయకు, ఈ వారం తీయకు. అది గ్రీజు తాగే చోటు కాదు, 90 నంబరు గేర్ ఆయిలు తాగే చోటు. ముందు చక్రం కింద ఇత్తడి ముక్క ఒకటి, దాని మరలో ఉక్కు కడ్డీ తిరుగుతుంది, నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరే తిరిగేది. ఆయిలు మరల మధ్యలోకి జారుతుంది, గ్రీజు చివర గడ్డకట్టి కూర్చుంటుంది, పైన నీళ్లు చేరతాయి, కడ్డీ లోపల తుప్పుపట్టి సన్నబడుతుంది. బయటకి ఏమీ కనపడదు. ఒకరోజు పార్కింగులో స్టీరింగ్ తిప్పుతుంటే పుటుక్కున విరిగి చక్రం పక్కకు పడుకుంటుంది. పార్కింగులో అయితే నవ్వుకుంటాం. హెరాల్డ్ 25 అడుగుల్లో తిరుగుతుందని అందరూ మెచ్చుకుంటారు కదా, అంత తిరిగే భారం మోసేది ఆ ముక్కే.

పర్లాకిమిడి_పాతసామాను:
పదకొండేళ్లు గ్రీజు. బండి నడిస్తేనే బతుకుతుందన్నావు.

రాయగడ_మాస్టారు:
ఎత్తిపొడవడం ఎందుకు నాయనా, మన ఊళ్లల్లో గ్రీజు గన్ తప్ప ఇంకో మందు తెలిసిన మెకానిక్‌లు ఎందరు? నిపుల్ (గ్రీజు గన్ పెట్టే మొన) కనిపిస్తే గ్రీజు కొడతారు. తప్పు చేసింది నడపడం కాదు, పుస్తకం చూడకపోవడం.

పర్లాకిమిడి_పాతసామాను:
మాస్టారూ, నేను అదే అంటున్నాను. ఈ కాలంలో అది చదివే మెకానిక్ దొరకనప్పుడు నడపడం ఎందుకు? షెడ్డులో ఉన్న ట్రన్నియన్ ఎవరినీ చంపదు.

బరంపురం_బుల్లికారు:
ఆదివారం జాకీ ఎత్తి విప్పాం, స్పానర్ తమ్ముడు ఛత్రపురం నుంచి సొంత పనిముట్లతో వచ్చాడు, టీ తప్ప ఏమీ తీసుకోలేదు. కుడివైపు ఫర్వాలేదు. ఎడమవైపు గ్రీజు ఎండి నల్ల బెల్లంలా ఉంది, గీకి తీయాల్సి వచ్చింది, లోపల కడ్డీ మర తుప్పుతో సగం తినేసి ఉంది. చేత్తో పట్టుకుని చూశాక కాసేపు మాట రాలేదు. ఇదే చక్రం మీద పోయిన నెల ఇచ్ఛాపురం వెళ్లొచ్చాం, నలుగురం.

పుదుప్పేటలో ఒకతను రెండు సెట్లు ఉన్నాయన్నాడు, ఫొటోలు పంపాడు, తుప్పు లేనట్టే ఉంది. బస్సులో వేస్తాడట. పెట్రోలు గొట్టాలు, డయాఫ్రమ్ కూడా చెప్పాను. బెల్టులు బిగించే చోటు చాసిస్‌కే వెల్డింగ్ పెట్టించొచ్చా, అది అసలు రూపం మార్చినట్టు లెక్కా, మాస్టారు చూసి చెప్పాలి. రెన్యువల్ మామూలుదే కడతాను, ఆ విషయంలో మారలేదు. గిరి మార్కెట్‌కి మాత్రం స్కూటీయే. పిల్లలు బెల్టులు వచ్చేదాకా బస్సులో.

మా ఆవిడకు ఆ కడ్డీ చూపించలేదు, ఇక్కడ బరంపురం వాళ్లెవరైనా ఉంటే మీరూ చెప్పకండి. నిన్న బావ వచ్చాడు. ముందు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మొత్తానికి షెడ్డులో పెట్టావన్నమాట" అని టీ తాగి వెళ్లాడు.