లైసెన్సున్న కన్సల్టెంట్ మీద కెనడా కాలేజీకి ఫిర్యాదు: ఉపయోగమా, దండగా?

ఫైలునంబరు:
కెనడా ఫైళ్ల విషయంలో రెండు మాటలు తరచూ వినిపిస్తున్నాయి. "ఆర్‌సీఐసీ నంబరు (లైసెన్సున్న కన్సల్టెంట్ నంబరు) ఉంటే భయం లేదు" అనేది ఒకటి. "కాలేజీ అంటే వాళ్లను వాళ్లు కాపాడుకునే సంఘం, ఫిర్యాదు దండగ" అనేది రెండోది. తెలియనివారికి: ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్సులిచ్చి, ఫిర్యాదులు విచారించే సంస్థనే కాలేజీ అంటున్నాం. ఫీజు తీసుకుని గడువు దాటబెట్టిన లైసెన్సుదారు మీద అక్కడ ఫిర్యాదు చేస్తే ఒరిగేదేమిటి? సొంత గోడు వద్దు, నిబంధనలు తెలిసినవాళ్లు చెప్పండి.

చలిమంట:
నాది రెండో పక్షమే. కన్సల్టెంట్లను అదుపులో పెట్టడానికి 2004లో ఒక సొసైటీ, 2011లో ఐసీసీఆర్‌సీ అనే మండలి, 2021 నవంబరులో ఈ కాలేజీ. పేరు మారింది గానీ తీరు మారలేదు. స్వీయ నియంత్రణ వదిలేసి ప్రభుత్వమే పగ్గాలు పట్టుకోవాలని 2017లో పార్లమెంటు కమిటీ చెప్పింది. అయినా మళ్లీ పెట్టింది కాలేజీనే.

ప్లీడరు గుమాస్తా:
తీరు అస్సలు మారలేదంటే ఒప్పుకోనండి. పాత రెండింటికీ ప్రత్యేక చట్టమంటూ లేదు. కాలేజీకి 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. ప్రవర్తనా నియమావళి పెట్టేది మంత్రి, సభ్యులు కాదు. బోర్డులో కొందరిని నియమించేదీ మంత్రే. క్రమశిక్షణ కమిటీ లైసెన్సు ఆపగలదు, రద్దు చేయగలదు, జరిమానా వేయగలదు. లైసెన్సు లేకుండా పనిచేసేవాళ్ల మీద కాలేజీ కోర్టుకెళ్లి నిషేధపుటుత్తర్వు కోరగలదు.

అసలు చిక్కు వేరే. జనం ముందు కాలేజీకి రాసి, అక్కడి ఫలితం కోసం కూర్చుంటారు. కాలేజీ ఎంత గట్టిగా శిక్షించినా మీ రిఫ్యూజల్ మారదు. అది మార్చాలంటే ఫెడరల్ కోర్టుకే వెళ్లాలి. కెనడాలో ఇచ్చిన నిర్ణయమైతే 15 రోజులు, బయట ఇచ్చిందైతే 60 రోజుల్లో, కేసు వినడానికి కోర్టు అనుమతి కోరే దరఖాస్తు పడాలి. ఫిర్యాదు పెట్టినంత మాత్రాన ఆ గడువు ఆగదు. పైగా "మా కన్సల్టెంట్ తప్పు వల్లే" అని కోర్టులో వాదించాలంటే ముందు ఆ మనిషికి నోటీసిచ్చి జవాబు చెప్పుకునే అవకాశమివ్వాలి. ఫిర్యాదు కాపీ అక్కడ కొంత పనికొస్తుంది, అంతే.

బర్నబీ బాబాయ్:
డబ్బు సంగతి కూడా చెప్పండి. కాలేజీ వసూలు చేసిపెడుతుందనే ఆశ పెట్టుకోకండి. బ్రిటిష్ కొలంబియాలో 5,000 డాలర్ల లోపు గొడవలకు సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ ఉంది, అంతా ఆన్‌లైనే. అంతకు మించితే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. ఒంటారియోలో దావా వేయడానికి మామూలుగా రెండేళ్ల కాలపరిమితి.

ఫిర్యాదు వీగిపోయేది ఎక్కువగా రాతలోనే. "మోసం చేశాడు, న్యాయం చేయండి" అని రాస్తే విచారణాధికారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "ఒప్పందంలో ఫలానా పని అన్నారు, ఫలానా తేదీన డబ్బు కట్టాను, అధికారుల లేఖ ఫలానా రోజున వచ్చింది, నాకు చెప్పింది గడువు దాటాక" అని రాసి, ప్రతి వాక్యానికీ ఒక కాగితం జతచేయండి. సర్వీస్ ఒప్పందం, రసీదులు, ప్రతినిధిని పెట్టుకునే ఐఎంఎం 5476 ఫారం కాపీ, వాట్సాప్ మాటలు తేదీలతో సహా. ఫైల్లో దరఖాస్తుదారు మెయిల్ ఉండాల్సిన చోట కన్సల్టెంట్ మెయిలే ఉందేమో చూడండి. లేఖలు మీ కంట పడకపోవడానికి మూలం చాలాసార్లు అదే. కెనడాలో ఉన్నవారు 5 డాలర్లు కట్టి జీసీఎంఎస్ నోట్స్ (ఇమ్మిగ్రేషన్ శాఖ కంప్యూటర్లో మీ ఫైలు మీద ఉన్న రాతలు) తెప్పించుకుంటే ఏ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది.

చలిమంట:
బాబాయ్, కాగితం మీద ఇదంతా బాగుంది. మరి లైసెన్సు అద్దెకిచ్చేవాళ్ల మాటేమిటి? బోర్డు మీద ఆర్‌సీఐసీ నంబరు ఒకరిది, ఫైలు నింపేది, డబ్బు తీసుకునేది ఇంకొకరు.

ప్లీడరు గుమాస్తా:
అక్కడ రెండు దారులు. డబ్బు తీసుకుని ఫైలు చూసిన మనిషి పేరు కాలేజీ పబ్లిక్ రిజిస్టర్‌లో లేకపోతే, లాయరు, లైసెన్సున్న పారాలీగల్, క్యూబెక్ నోటరీ కూడా కాకపోతే, అది ఇమ్మిగ్రేషన్ చట్టం సెక్షన్ 91 కింద నేరం. సరిహద్దు ఏజెన్సీ సీబీఎస్‌ఏకి చెప్పాలి. పేరు అరువిచ్చిన ఆర్‌సీఐసీ మీద మాత్రం కాలేజీకే. అందుకే ఒప్పందంలో సంతకమెవరిది, డబ్బు ఎవరి ఖాతాలో పడింది అన్నవి ముందే చూసుకోవాలి. రిజిస్టర్‌లో పేరుంటే చాలదు, ఈరోజు లైసెన్సు చెల్లుతోందో సస్పెన్షన్‌లో ఉందో కూడా చూడాలి.

చలిమంట:
సరే, ఇది ఒప్పుకుంటాను. కానీ పెద్ద లోపం ఇంకోటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎల్‌ఎంఐఏ (విదేశీ ఉద్యోగిని పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే ప్రభుత్వ పత్రం) డబ్బిచ్చి కొన్నవాడు ఫిర్యాదెలా చేస్తాడు? నియామకం ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదని రూలున్నా, ఆ ఉద్యోగం బూటకమైతే తప్పుడు సమాచారం కింద ఐదేళ్ల నిషేధం పడేది దరఖాస్తుదారు మీదే. సంతకం మీదైతే, నింపింది ఏజెంటైనా లెక్క మీదే. నోరు మూసుకునేలా చేసేది ఆ భయమే. మరి ఫిర్యాదులు తక్కువున్నాయని కాలేజీ సంతోషపడితే ఎట్లా?

ప్లీడరు గుమాస్తా:
ఇది మాత్రం నిజం. అలాంటి కేసులో కాలేజీ ఫారం తెరవకముందే లాయరుతో మాట్లాడండి. రాసిన ప్రతి మాటా మీ మీదికి తిరగొచ్చు.

బర్నబీ బాబాయ్:
ఇంకోటి. ఫిర్యాదు పెట్టాక కూడా ఫైల్లో ప్రతినిధిగా ఆ మనిషే ఉంటే, తర్వాతి లేఖా అతనికే పోతుంది. ఐఎంఎం 5476తోనే ప్రతినిధిని రద్దు చేయొచ్చు. ముందు ఆ పని చేయండి.