టీ ట్రీ ఆయిల్ మొటిమ మీద నేరుగా పెట్టొచ్చా, కలిపే రాయాలా?

శ్రావణి_ఓరుగల్లు
నాకు 23 ఏళ్లు. ఏడాదిగా దవడ మీద, గడ్డం దగ్గర మొటిమలు. ఆన్‌లైన్‌లో 15 మి.లీ. టీ ట్రీ ఆయిల్ సీసా తెప్పించుకున్నాను. ఒక వీడియోలో ఇయర్ బడ్‌తో నేరుగా మొటిమ మీద అద్దమన్నారు. ఇంకో దాంట్లో చచ్చినా అలా చేయొద్దన్నారు. మొన్న రాత్రి ఒకే ఒక్క చుక్క అద్దాను. చుర్రుమంది. పొద్దున్నకి మొటిమ అణిగింది గానీ, చుట్టూ రూపాయి బిళ్లంత మేర చర్మం కందిపోయి పొట్టు లేస్తోంది. ఇది పనిచేస్తోందనడానికి గుర్తా, పడలేదనడానికి గుర్తా? అమ్మ సీసా పారేయమంటోంది. వచ్చే నెల అక్క పెళ్లి, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు కుర్రాడు
పారేయొద్దు. నేను రెండేళ్లుగా నేరుగానే పెడుతున్నా. కాస్త మండుతుంది, మర్నాటికి మొటిమ ఎండిపోతుంది. కాలి గోటికి ఫంగస్ పడితే పచ్చి నూనే రాస్తారు కదా, మరి మొహానికి ఎందుకు పనికిరాదు? ఆకులోంచి తీసిన నూనె, ఫ్యాక్టరీలో చేసిన కెమికల్ కాదు.

మందులషాపు అక్క, ఖమ్మం
శ్రావణీ, పొట్టు లేచిందంటే చర్మం కాలిందమ్మా. ముందు ఆపేయి.

ఒంగోలు తమ్ముడూ, గోరు గట్టి పెంకు లాంటిది, చెంప చర్మం అలా కాదు. గోటి కింద దాక్కున్న ఫంగస్‌ని చేరాలని అక్కడ పచ్చిది వాడతారు. మొటిమలకి ఈ నూనె పనిచేస్తుందని అందరూ చెప్పే 1990 నాటి ఆస్ట్రేలియా అధ్యయనంలో 124 మందికి రాసింది 5 శాతం జెల్. 2007లో ఇరాన్‌లో 60 మంది మీద 45 రోజులు చేసిన పరీక్షలోనూ 5 శాతం జెల్లే. నువ్వు పెడుతున్నది దానికి 20 రెట్ల ఘాటు. పనిచేస్తుందన్న రుజువు జెల్‌ది, నువ్వు వాడుతున్నది పచ్చి నూనె.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ నేరుగానే పెట్టేదాన్ని. ఏడెనిమిది నెలలు చక్కగా పడింది. సీసా కిటికీ దగ్గర ఉండేది, మూత సగం సార్లు సరిగ్గా పెట్టేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్ల కింది వరకూ వాపు, భరించలేని దురద, చెంప మీద చిన్న చిన్న నీటి పొక్కులు. స్కిన్ డాక్టరు గారు ఏది పడట్లేదో తేల్చడానికి వీపు మీద వరసగా చిన్న పట్టీలు అంటించి రెండు రోజులు స్నానం వద్దన్నారు. పట్టీలు తీశాక మిగతా గడులన్నీ మామూలుగా ఉన్నాయి, నా సీసాలోని నూనె పెట్టిన గడి ఒక్కటే ఎర్రగా ఉబ్బి ఉంది. మరో రెండు రోజులకి ఇంకా పొంగింది. అది అలర్జీ, పోయేది కాదు. ఇప్పటికీ షాంపూ కొన్నా, ఫేస్ వాష్ కొన్నా, వెనక అక్షరాల్లో మెలల్యూకా (టీ ట్రీ శాస్త్రీయ నామం) అని ఉందేమో వెతుక్కుంటాను.

గాలి, వెలుతురు, వేడి తగిలితే ఈ నూనెలో పెరాక్సైడ్లు, ఆస్కరిడోల్ లాంటి చర్మానికి పడని పదార్థాలు పుడతాయి. అలర్జీ తెప్పించడంలో తాజా నూనె కంటే పాతబడిన నూనే ముందుంటుంది. రెండేళ్లు పడింది కాబట్టి ఇక ఎప్పుడూ పడుతుందనుకోకు తమ్ముడూ. నాకు ఎనిమిదో నెల దాకా పడింది.

తణుకు టీచరమ్మ
అంత భయపెడితే ఎలా అండీ? నేను రోజ్ వాటర్‌లో నాలుగు చుక్కలు కలిపి టోనర్‌లా వాడతాను. హాయిగా ఉంటుంది.

మందులషాపు అక్క, ఖమ్మం
భయపెట్టాలని కాదండీ. ఒక గాజు గ్లాసులో మీరు చెప్పినట్టే కలిపి, రెండు నిమిషాలు ఆగి చూడండి. పైన గుండ్రంగా నూనె బొట్లు తేలతాయి. దూది ముంచినప్పుడు ఒకసారి ఉత్త రోజ్ వాటరే వస్తుంది, ఇంకోసారి పచ్చి నూనె బొట్టు నేరుగా మొహానికి అంటుకుంటుంది. టీ ట్రీ ఆయిల్‌ని వేరే నూనెలోనో, జెల్‌లోనో కలపాలి. కొబ్బరినూనె మొటిమలున్నవాళ్లకి రంధ్రాలు మూసేస్తుంది, జోజోబా గింజల నూనె నయం. కొలత కూడా కష్టం కాదు. అయిదు మి.లీ. చెంచా నూనెకి ఒక చుక్క వేస్తే దాదాపు 1 శాతం, అయిదు చుక్కలేస్తే 5 శాతం. మొదటిసారి ఒక్క చుక్కతోనే మొదలుపెట్టండి. నన్నడిగితే ఈ లెక్కలేవీ లేకుండా రెడీమేడ్ 5 శాతం జెల్ మేలు.

విజయవాడ_వేసవి
అసలు ఈ తిప్పలన్నీ దేనికి? బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఉంది, మొటిమలకి డాక్టర్లు రాసేది అదే. అక్కా, మీరు చెప్పిన 1990 అధ్యయనంలో పోటీగా పెట్టింది కూడా బెంజాయిల్ పెరాక్సైడే కదా. అది ముందుగా పనిచేసింది, టీ ట్రీ వెనకబడింది.

మందులషాపు అక్క, ఖమ్మం
నిజమే. చివరికి రెండూ మొటిమలు తగ్గించాయి, టీ ట్రీ నెమ్మదిగా. కానీ మంట, పొడిబారడం లాంటివి టీ ట్రీ రాసినవాళ్లలో తక్కువ. అందుకే 5 శాతం జెల్‌ని నేను కాదనను. బెంజాయిల్ పెరాక్సైడ్ వాడితే 2.5 శాతంతో మొదలుపెట్టాలి, దిండు గలీబులు, తువ్వాళ్లు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోండి. రెండూ ఒకే రాత్రి మాత్రం వద్దు.

మెల్‌బోర్న్ నుంచి
ఈ చెట్టు ఇక్కడిదే. న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య తీరంలో పెరుగుతుంది, మన తేయాకుతో చుట్టరికం లేదు. అక్కడి బుంజలంగ్ ఆదివాసులు ఎప్పటినుంచో దీని ఆకులు మందుగా వాడారు. 1920లలో సిడ్నీలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త క్రిముల మీద దీని శక్తిని కొలిచి రాశాక బయటికి తెలిసింది. "ఆకు నూనె కదా, ఏం చేస్తుంది" అనేవాళ్లకి ఒక మాట. మా ఇంట్లో సీసాకి పిల్లలు తీయలేని మూత ఉంది, పైన "మింగరాదు" అని ఉంది. 10 మి.లీ. లోపు మింగిన పసిపిల్లలు మత్తులోకి జారి, తూలిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పిల్లులకీ, కుక్కలకీ కూడా ఇది విషమే. మా పాప పుట్టినప్పటి నుంచి దాన్ని అటక మీదే పెడుతున్నాను.

ఒంగోలు కుర్రాడు
సరే అక్కా, నా సీసా తీసి చూశాను. 2023లో కొన్నది. ముందు కర్పూరంలా వాసన వచ్చేది, ఇప్పుడు ఏదో వార్నిష్‌లా ఉంది. దీన్ని పడేస్తా. కానీ ఎవరికీ పడదంటే ఒప్పుకోను. కొత్తది కొని కలిపి చూస్తాను, ఎలా ఉందో చెప్తా.

శ్రావణి_ఓరుగల్లు
థాంక్స్ అక్కా. ఇప్పుడు ఈ ఎర్ర మచ్చకి ఏం చేయాలి? మళ్లీ ఎప్పటికైనా వాడొచ్చా?

మందులషాపు అక్క, ఖమ్మం
పొట్టు గిల్లకు. శనగపిండి, నిమ్మరసం, పసుపు ప్యాక్ ఏవీ వేయకు. పక్కింటివాళ్లు ఇచ్చే తెల్లబడే క్రీమ్ కూడా వద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే పెళ్లి నాటికి ఇంకా పెద్ద గొడవ. సాదా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. మనలాంటి చామనఛాయ చర్మం కందితే మొటిమ వారంలో పోతుంది, నల్ల మచ్చ మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. నీటి పొక్కులు వచ్చినా, రసి కారినా, కళ్ల చుట్టూ వాచినా వెంటనే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఆ కందిన చోటు పూర్తిగా మానాక వాడాలనిపిస్తే, పెళ్లయ్యాకే మొదలుపెట్టు. ఆ 5 శాతం జెల్‌ని మోచేతి మడత లోపల రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు ఒకే చోట రాయి. అక్కడ దురద గానీ ఎరుపు గానీ వస్తే మొహం దాకా తీసుకెళ్లకు. ఆ సీసా గురించి అమ్మ చెప్పినట్టే చెయ్యి.