పార్కిన్సన్స్‌నూ దాన్ని పోలిన జబ్బులనూ ఎమ్మారైతో వేరుచేసే మోడల్ కొత్త స్కాన్ల దగ్గర ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న:
పార్కిన్సన్స్ వ్యాధినీ, పైకి అలాగే కనిపించే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీలనూ (ఎంఎస్‌ఏ, పీఎస్‌పీ) మెదడు ఎమ్మారై చిత్రాల ఆధారంగా వేరుచేసే డీప్ లెర్నింగ్ మోడల్ తయారు చేస్తున్నాను. పరీక్ష కోసం పక్కన పెట్టిన చిత్రాలను దాదాపు తప్పు లేకుండా గుర్తిస్తున్న ఈ మోడల్, వేరే కేంద్రంలో తీసిన స్కాన్లు ఇచ్చేసరికి అన్నింటినీ పార్కిన్సన్స్ అనే అంటోంది. డాట్ స్కాన్లు (మెదడులో డోపమిన్ నాడుల స్థితిని చూపేవి) కూడా కలిపితే మెరుగుపడుతుందా?

జవాబు 1:
డేటాను రోగుల వారీగా విడగొట్టారా, స్లైసుల (స్కాన్‌లోని పొరల్లాంటి చిత్రాల) వారీగానా? ఒకే మనిషి మెదడులోని 80వ స్లైసు శిక్షణలోనూ, 81వది పరీక్షలోనూ పడితే, మోడల్ జబ్బును కాక ఆ మనిషినే గుర్తుపడుతుంది. నేనూ మొదట్లో ఇదే పొరపాటు చేసి, వచ్చిన అంకె చూసి మురిసిపోయాను. పీఎస్‌పీ స్కాన్లన్నీ ఒకే యంత్రం మీద తీసినవైతే, మోడల్ నేర్చుకున్నది ఆ యంత్రం తీరే కావచ్చు.

జవాబు 2:
డాట్ స్కాన్ ఇక్కడ అక్కరకు రాదు. చేతులు వణికే మరో జబ్బైన ఎసెన్షియల్ ట్రెమర్‌ను వేరుచేయడానికి అది పనికివస్తుంది గానీ, మీరు చెప్పిన మూడు జబ్బుల్లోనూ కదలికలను నడిపించే మెదడు భాగమైన స్ట్రయేటమ్‌లోని డోపమిన్ నాడుల చివరలు తగ్గిపోతాయి. పీఎస్‌పీలో మిడ్‌బ్రెయిన్ (మెదడు కాండం పైభాగం) కుంచించుకుపోయి, నిలువు మధ్యకోతలో హమ్మింగ్‌బర్డ్ తలా ముక్కూ లాగా కనిపిస్తుంది. ఎంఎస్‌ఏలో పాన్స్ (మెదడు కాండం మధ్యభాగం) మీద శిలువ ఆకారం రావచ్చు. అయితే ఇవి తరచుగా జబ్బు ముదిరాక గానీ తేటపడవు, అప్పటికి మోడల్ చెప్పేది డాక్టరుకు తెలియనిదేమీ కాదు. అందుకే నీటి కదలికను చూపే డిఫ్యూజన్ ఎమ్మారైలో కణాల వెలుపలి స్వేచ్ఛా జలాన్ని కొలిచే పద్ధతి మీద నాకు ఎక్కువ గురి. ఆ కొలతలను రకాలుగా విడదీసే ప్రోగ్రామైన సపోర్ట్ వెక్టర్ మెషిన్‌కు ఇచ్చే ఏఐడీపీ విధానాన్ని 21 కేంద్రాల్లో 249 మంది మీద పరీక్షించి, ఫలితాలను 2025లో జామా న్యూరాలజీ పత్రికలో ప్రచురించారు. మరణానంతరం మెదడును పరీక్షించిన 49 మందిలో 46 మంది విషయంలో దాని నిర్ధారణ సరిపోయింది. మీ లేబుళ్లు (ఎవరికి ఏ జబ్బో రాసిన గుర్తులు) ఎవరు, జబ్బు ఏ దశలో ఉండగా పెట్టినవి?

ప్రశ్న అడిగినవారు:
విడగొట్టింది స్లైసుల వారీగానే. రోగుల వారీగా మళ్లీ నడిపితే మా సొంత స్కాన్ల మీద కూడా ఫలితం బాగా పడిపోయింది. లేబుళ్లేమో మొదటి సందర్శనలో రాసినవి. తర్వాతి సందర్శనల వరుస తెరిచి చూస్తే, పార్కిన్సన్స్ అని ఉన్న ఇద్దరికి ఎంఎస్‌ఏ అని మార్చి రాసి ఉంది.