పెటీ 200, పియర్సన్ 105: వీరిద్దరిలో గొప్ప డ్రైవరు ఎవరు?

షార్లెట్‌వాసి:
ఉద్యోగాల మీద ఉత్తర కరోలినాలోని షార్లెట్‌కు వచ్చి స్థిరపడిన మనలాంటి తెలుగువాళ్లకు స్టాక్ కారు రేసులు, అంటే చూడటానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్ల పోటీలు, మొదట్లో పట్టవు. ఎప్పుడూ ఎడమకే తిరిగే కార్లలో చూడటానికి ఏముందని నేనూ అనుకునేదాన్ని. ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్. ఆ రంగంలోని గొప్పవారిని గౌరవించే ప్రదర్శనశాల, నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్, మన ఊళ్లోనే ఉంది. అక్కడికి పిల్లలను తీసుకెళ్లిన రోజున, అక్కడ ఒక కారు ముందు నిలబడి వృద్ధ దంపతులు వాదించుకోవడం చెవిన పడింది. ఆయన రిచర్డ్ పెటీ పక్షం, ఆవిడ డేవిడ్ పియర్సన్ పక్షం. ఆ తర్వాత చాలా చదివాను, పాత రేసులు చూశాను. ఇప్పుడు నేను ఆవిడ పక్షాన ఉన్నాను.

పెటీ 1,184 రేసుల్లో 200 గెలిచారు. పియర్సన్ 574 రేసుల్లోనే 105 గెలిచారు. అంటే వందకు పెటీకి 17 కూడా నిండవు, పియర్సన్‌కు 18 దాటుతాయి. 1972 నుంచి 1979 వరకు వుడ్ సోదరుల జట్టుకు చెందిన 21వ నంబరు కారులో ఆయన 143 రేసుల్లో దిగి 43 గెలిచారు. ఒక్క 1973లోనే 18 రేసులకు 11 గెలుపులు. ఇద్దరూ మొదటి రెండు స్థానాలు పంచుకున్న రేసులు 63 ఉంటే, వాటిలో 33 సార్లు ముందున్నది పియర్సనే. అయినా 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్న తొలి ఐదుగురిలో ఆయన పేరు లేదు, మరుసటి ఏడాది దాకా ఆగవలసి వచ్చింది. ఇది న్యాయమేనా?

నీలిరంగు 43:
అమ్మా, మీరు చెప్పిన లెక్కలు సరైనవే కానీ వాటిని చూసే తీరుతో నేను ఏకీభవించలేను. పియర్సన్ చాలా ఏళ్లపాటు ఎంపిక చేసుకున్న రేసుల్లోనే దిగారు. పెటీ అలా కాదు: పెద్ద ట్రాక్ అయినా, అర మైలు మట్టి ట్రాక్ అయినా, వారం మధ్యలో రాత్రి రేసు అయినా తన కారును తీసుకెళ్లారు. 1970లో రాలీ నగరంలోని మట్టి ట్రాక్ మీద గెలిచినదీ ఆయనే. ఆ తర్వాత అగ్రశ్రేణి రేసు మట్టి మీద మళ్లీ జరగడానికి 2021 వరకు పట్టింది. చిన్న రేసులే ఆయన లెక్కను పెంచాయని కొందరంటారు. 1972లో ఆ చిన్న రేసులను తీసేసి సీజన్‌ను కుదించిన తర్వాత కూడా పెటీ 60 గెలిచారు, పియర్సన్ 45 గెలిచారు. ఏడు సీజన్ ఛాంపియన్‌షిప్‌లు, ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ మీద జరిగే పెద్ద రేసు డేటోనా 500లో ఏడు గెలుపులు, 1967లో వరుసగా పది గెలుపులు ఒకే మనిషివి. మంచి కారు ఉన్న రోజున గెలవడం ఒక ప్రతిభ అయితే, 35 సీజన్లు అన్ని రకాల ట్రాక్‌ల మీద నిలబడటం అంతకంటే పెద్ద ప్రతిభ అని నా గట్టి నమ్మకం.

మూడో మలుపు:
మీ ఇద్దరి అంకెల మధ్య స్టీరింగ్ పట్టుకున్న మనిషి కనిపించకుండా పోతున్నాడు. దయచేసి డేటోనాలో జరిగిన రెండు రేసులు చూడండి. 1974 జూలై నాటి ఫైర్‌క్రాకర్ 400లో చివరి ల్యాప్ (చుట్టు) మొదలయ్యేటప్పటికి ముందున్నది పియర్సన్. ముందున్న కారు గాలిని చీల్చుతుంటే వెనక ఉన్న కారు ఆ చాటున ఊపు తీసుకుని చివర్లో దాటేస్తుందని ఆయనకు తెలుసు. అందుకే ఇంజిన్ పోయినట్లుగా ఉన్నట్టుండి వేగం తగ్గించారు, పెటీ పక్కనుంచి దూసుకుపోయారు. ఆ తర్వాత పియర్సన్ పెటీ వెనకే చేరి, చివరి మలుపు దగ్గర ఆయనను దాటి గెలిచారు.

1976 డేటోనా 500 అంతకంటే గొప్పది. చివరి మలుపులో ఇద్దరి కార్లూ తగులుకుని, గోడను కొట్టుకుని, గిరగిరా తిరిగి లోపలి గడ్డిలోకి వచ్చి పడ్డాయి. పెటీ కారు ముగింపు గీతకు కొద్ది దూరంలోనే ఆగిపోయింది, ఇంజిన్ మళ్లీ అందుకోలేదు. పియర్సన్ మాత్రం కారు తిరుగుతున్నప్పుడే క్లచ్ తొక్కి ఇంజిన్‌ను ఆగనివ్వలేదు. ముందు భాగం నుజ్జయిన ఆ కారును గడ్డిలో మట్టి ఎగజిమ్ముకుంటూ, మనం వీధిలో వెళ్లేంత వేగంతో గీత దాటించారు. గోడను కొట్టుకుంటున్న క్షణంలో ఎడమ కాలికి ఆ పని గుర్తుండటం నాకు 105 కంటే పెద్ద సాక్ష్యం.

నీలిరంగు 43:
ఆ రేసు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, అయినా మీ మాట కాదనలేను. తాను పోటీపడిన వారిలో పియర్సనే ఉత్తముడని పెటీ స్వయంగా పలుమార్లు చెప్పారు. అయితే అది పెటీ పెద్దమనసును కూడా చూపుతుంది కదా.

షార్లెట్‌వాసి:
చూపుతుంది అన్నయ్యగారూ, అందులో నాకు సందేహం లేదు. సీజన్ మొత్తం మోసిన భారాన్ని నేను తక్కువగా లెక్కవేశానని కూడా ఒప్పుకుంటున్నాను. ఛాంపియన్‌షిప్ విషయంలో మీ వాదనే సరైనది. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. తొలి ఐదుగురిలో పెటీ, డేల్ ఎర్న్‌హార్ట్, జూనియర్ జాన్సన్ డ్రైవర్లు. మిగిలిన ఇద్దరు సంస్థను నడిపిన తండ్రీకొడుకులు, బిల్ ఫ్రాన్స్ సీనియర్, జూనియర్. సంస్థను స్థాపించిన తండ్రి స్థానాన్ని ఎవరూ ప్రశ్నించరు. కొడుకు మరుసటి ఏడాది వచ్చి ఉంటే ఎవరికీ లోటు జరిగేది కాదు. ఆ ఐదో చోటు పియర్సన్‌ది.

నీలిరంగు 43:
1979 డేటోనా 500 మొదటిసారి ఆద్యంతం దేశమంతటా టీవీలో ప్రత్యక్షంగా వచ్చినప్పుడు సంస్థ పగ్గాలు ఆ కొడుకు చేతుల్లోనే ఉన్నాయి. కార్లు నడిపినవారికే ఆ గౌరవం దక్కాలంటే మీతో ఉంటాను. ఆటను నిలబెట్టినవారికీ దక్కాలంటే మాత్రం ఆ చోటు ఖాళీ చేయించడానికి నాకు మనసు రాదు.