ఫ్రెండ్ కాకపోయినా ఫేస్‌బుక్‌లో కొన్ని ఫొటోలు కనిపిస్తున్నాయి, మిగతావి ఎందుకు రావట్లేదు?

గోదారిగట్టు:
దూరపు చుట్టాలమ్మాయి పెళ్లి ఫొటోలు పెట్టింది. నేను తనకు ఫ్రెండ్‌ని కాను. ప్రొఫైల్‌లో నాకు నాలుగే కనిపిస్తున్నాయి, మా అక్కకు ఆల్బమ్ మొత్తం వస్తోంది. అక్క పంపిన లింకు నొక్కితే 'ఈ కంటెంట్ ప్రస్తుతం అందుబాటులో లేదు' అని వస్తోంది. బ్లాక్ చేసినట్టా?

నీలిసిరా:
కాదండీ. బ్లాక్ చేస్తే ప్రొఫైలే దొరకదు. ఆ ఫొటోను కొద్దిమందికే పెట్టినా, తర్వాత సెట్టింగ్ మార్చినా, తీసేసినా అదే మాట వస్తుంది. మీకు కనిపిస్తున్న నాలుగింటిలో ఒకటి తెరిచి తేదీ పక్కన గుర్తు చూడండి. గ్లోబు ఉంటే పబ్లిక్. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే ఫ్రెండ్స్‌కే. ఫ్రెండ్స్‌కే పెట్టింది మీకెలా వచ్చిందంటారా? అందులో మీ అక్కనో, మీకు ఫ్రెండ్ అయిన ఇంకొకరినో ట్యాగ్ చేసి ఉంటారు. మామూలుగా ట్యాగ్ అయినవాళ్ల ఫ్రెండ్స్‌కి కూడా ఆ ఫొటో తెరుచుకుంటుంది. చాలామందికి తెలియని సంగతి ఇదే.

పబ్లిక్‌గా ఉన్నవన్నీ చూడాలంటే ప్రొఫైల్‌లో 'ఫొటోస్' నొక్కి, అప్‌లోడ్ చేసినవి, ఆల్బమ్స్ విడివిడిగా తెరవండి. ప్రస్తుత కవర్ ఫొటో ఎప్పుడూ పబ్లిక్కే. ప్రొఫైల్ లాక్ చేసుకుంటే మాత్రం అది కూడా పెద్దదిగా తెరుచుకోదు. ఈ లాక్ మన దేశంలో 2020లో వచ్చింది.

పాతపెట్టె:
ఇంకో మాట. 'ప్రైవేట్ ఫొటోలు చూపిస్తాం' అనే యాప్‌ల జోలికి దయచేసి వెళ్లకండి. అవి లాగిన్ అడిగేది మీ పాస్‌వర్డ్ కోసమే. ఫొటో ఎవరికి పంపాలో ఫేస్‌బుక్ సర్వర్ దగ్గరే తేలిపోతుంది, బయటి యాప్ దాన్ని దాటలేదు.

ప్రొఫైల్ చూసినట్టు అవతలివాళ్లకు తెలియదు గానీ స్టోరీ చూస్తే మీ పేరు వెళ్తుంది. ఇన్‌స్టాలో అయితే జూమ్ చేద్దామని రెండుసార్లు తడితే లైక్ పడిపోతుంది. రెండు వేళ్లతో సాగదీయండి.

నీలిసిరా:
మీ ఫొటోలు బయటివాళ్లకు ఎలా కనిపిస్తున్నాయో కూడా ఒకసారి చూసుకోండి: మీ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు, 'వ్యూ యాజ్'. పాతవన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి పరిమితం చేయాలంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' ఉంది. చేశాక ఒక్క నొక్కుతో వెనక్కి తేలేరు, ఏ పోస్టుకా పోస్టు మార్చుకోవాలి. వేరేవాళ్లు మిమ్మల్ని ట్యాగ్ చేసి పెట్టినవి దీనికి లొంగవు. ట్యాగ్ తీసేసినా వాళ్ల గోడ మీద ఫొటో ఉంటుంది, తీయమని వాళ్లనే అడగాలి.

గోదారిగట్టు:
గుర్తు చూశాను. ఒకదానికి గ్లోబు ఉంది, మిగతా మూడింట్లోనూ అక్క ట్యాగ్ ఉంది. ఆల్బమ్ ఫ్రెండ్స్‌కే అన్నమాట. రిక్వెస్ట్ పెడతాను.