అక్టోబర్ 15: బడిలో చేతులు కడిగించే కార్యక్రమం, ఎవరు ఏం చేస్తారు?

కార్యదర్శి: అందరికీ నమస్కారం. ఇక్కడ ఉగాండాలో, కంపాలా శివార్లలో మన సంఘం ఏటా నోటుపుస్తకాలు పంచే ప్రైమరీ బడిలో ఈసారి ప్రపంచ చేతుల శుభ్రత దినం జరుపుదామని కమిటీ అనుకుంది. బ్యానరు, శానిటైజర్ సీసాలు, ఓ అరగంట ఉపన్యాసం. ఎవరెవరు వస్తారు?

పిల్లల విభాగం: నేను వస్తాను అన్నయ్యా. కానీ శానిటైజర్ వద్దు. మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద అది సరిగా పనిచెయ్యదు, అయిపోయాక మళ్లీ ఎవరు కొంటారు? మొన్న వెళ్లి చూశాను. మరుగుదొడ్ల దగ్గర కుళాయే లేదు, నీళ్లు మోసుకొస్తున్నారు. టిప్పీ ట్యాప్‌లు కడదాం. అయిదు లీటర్ల జెర్రీకాన్‌కి, అంటే పిడి ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి, మూత కిందుగా మేకుతో చిన్న బెజ్జం పెట్టి, రెండు పంగల కర్రల మీద వేసిన అడ్డకర్రకి వేలాడదీస్తాం. మెడకి తాడు, తాడు చివర నేలమీద ఒక కర్ర. కర్ర తొక్కితే డబ్బా వంగి సన్నటి ధార వస్తుంది. చేత్తో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, నీళ్లూ ఆదా. 1980ల్లో జింబాబ్వేలో పుట్టిన ఉపాయం ఇది.

కోశాధికారి: బాగుంది గానీ, సబ్బు పెడితే మర్నాటికి ఉండదమ్మా. పోయినేడు చూశాంగా.

పిల్లల విభాగం: ఇంట్లో సబ్బు లేని పిల్లాడు పట్టుకెళ్లాడంటే వాణ్నేమంటాం బాబాయ్? సబ్బునీళ్లు పెడదాం. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, మూతకి బెజ్జం పెట్టి, సీసాని కర్రకి కట్టేస్తే సరి.

ఉపన్యాసం కూడా మానేద్దాం. బంగ్లాదేశ్‌లో రెండు పల్లె బడుల్లో మరుగుదొడ్డి నుంచి చేతులు కడిగే చోటిదాకా రంగుతో అడుగుల గుర్తులు వేశారు. పాఠం చెప్పలేదు. సబ్బుతో కడుక్కునేవాళ్లు అంతకుముందు 4 శాతం, ఆరు వారాల తర్వాత 74 శాతం! మనమూ అడుగులు వేద్దాం. వానలు కదా, ఎనామెల్ రంగే కావాలి.

వంటల విభాగం: చవితి భోజనాల నూనె డబ్బాలు ఆరు మా గ్యారేజీలో ఉన్నాయి. వేడినీళ్లతో కడిగించి పంపిస్తా.

కార్యదర్శి: సరే, శానిటైజర్ రద్దు. బ్యానరు మాత్రం ఉండనివ్వండి, ఆర్డరిచ్చేశా. అవునూ, మనం వచ్చేశాక డబ్బాలు ఎవరు నింపుతారు?

పిల్లల విభాగం: అసలు చిక్కు అదే. పెద్ద తరగతుల పిల్లలకి వారం వంతులు వేద్దామని హెడ్‌మాస్టర్‌గారు అన్నారు. మధ్యాహ్నం పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), బీన్స్ వడ్డించేముందు తరగతి తరగతినీ వరసలో నిలబెట్టి కడిగిస్తారట. నెలకోసారి మనలో ఒకరు వెళ్లి చూడాలి. నవంబరు నాది. డిసెంబరు మొదటివారం, సెలవులకు ముందు, ఎవరు?

కోశాధికారి: నేనే వెళ్తాలే. రంగు, తాడు బిల్లులు పారేయకండి.