ఫిట్స్ వచ్చిన క్షణంలో చేసే స్పెక్ట్ స్కాన్ ఎవరైనా చేయించారా?

మాది అనంతపురం. మా తమ్ముడికి 19 ఏళ్లు. మూడు రకాల మాత్రలు వాడినా ఫిట్స్ ఆగట్లేదు, ఎంఆర్ఐలో ఏమీ కనిపించలేదు. ఆపరేషన్‌కు ముందు, ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో కనుక్కోవడానికి పెట్, స్పెక్ట్ అనే రెండు స్కాన్లు చేయించమన్నారు. పెట్ సరే, ఫిట్స్ లేనప్పుడు మెదడులో గ్లూకోజ్ తక్కువ వాడుకుంటున్న చోటు చూస్తారు. నా టెన్షనంతా స్పెక్ట్ గురించే. ఫిట్స్ మొదలైన కొన్ని సెకన్లలోనే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు నరంలోకి ఎక్కించాలట. ఆ క్షణంలో రక్తం ఎక్కువగా పారిన చోట మందు ఎక్కువగా చేరి నిలిచిపోతుంది, అందుకే స్కాన్ గంట తర్వాత తీసినా తెలుస్తుందన్నారు. దానికోసం మాత్రలు తగ్గించి, వీడియో ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలతో పాటు మనిషిని కూడా వీడియో తీసే పరీక్ష) పెట్టి వార్డులో ఉంచుతారట.

వాడికి నిద్రలోనే, పది రోజులకోసారి వస్తాయి. అర్ధరాత్రి వస్తే సూది వేసేవాళ్లు ఉంటారా? మీరు ఎన్ని రోజులు ఉండాల్సి వచ్చింది? మాత్రలు తగ్గించాక ఫిట్స్ మరీ ఎక్కువయ్యాయా? బెంగళూరు నిమ్హాన్స్‌లో చేయించినవాళ్లుంటే దయచేసి చెప్పండి. అమ్మ రోజూ వాడి చెయ్యి పట్టుకునే పడుకుంటోంది.